డబ్బుండీ తిరిగిపోయిన డెబిట్: రాయగడ జిల్లాలో ఒక హోల్‌సేల్ వ్యాపారం కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. వాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలు కాస్త అటూ ఇటూ చేశాను. లెక్క నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను. నేను కొన్నేళ్లు ఒక బ్యాంకులో, వ్యాపార సంస్థల వసూళ్లు, చెల్లింపులు చూసే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు పార్వతీపురం, రాయగడ, గుణుపురం వైపు వ్యాపారులకు సొంతంగా అదే పని చేసిపెడుతున్నాను.

నేపథ్యం

విజయనగరం వైపు నుంచి తాతగారి కాలంలో వచ్చి రాయగడ జిల్లాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఇది. సబ్బులు, బిస్కెట్లు, వంటనూనె, పప్పులు హోల్‌సేల్‌గా అమ్ముతారు. సరుకు చాలావరకు విశాఖ డిపోల నుంచి వస్తుంది. ఆరు లైన్లు (వ్యాను సరుకు వేసి డబ్బు వసూలు చేసుకొచ్చే దారులు), 340 షాపులు. ఏడాదికి సుమారు 18 కోట్ల అమ్మకం, అంటే పని జరిగే రోజుకి ఐదున్నర నుంచి ఆరు లక్షలు. ఇంట్లో తెలుగు, కౌంటర్ దగ్గర ఒడియా, కొండ లైన్లలో అయితే అక్కడి గిరిజనుల కుయి భాష మాటలు కూడా నాలుగు రావాలి.

షావుకారు గారికి అరవై దాటాయి. చిన్నబ్బాయి బ్యాంకు పనులు చూస్తాడు. ముప్ఫై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమస్తా గారు ఒకరున్నారు. ఈ కేసులో అందరికంటే ముఖ్యమైన మనిషి ఆయనే. ఆ సంగతి నాకు మూడో నెలలో గానీ అర్థం కాలేదు.

ఒక ప్రభుత్వ బ్యాంకులో కోటీ పాతిక లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ ఉంది, అంటే అంతదాకా అవసరమైనప్పుడు తీసి వాడుకునే వ్యాపార అప్పు, వడ్డీ 10.25 శాతం. ఇది కాక మరో రెండు బ్యాంకుల్లో కరెంట్ అకౌంట్లు. ఒకటి సౌండ్ బాక్స్, క్యూఆర్ ఇచ్చిన బ్యాంకు పెట్టించింది. ఇంకొకటి గుణుపురం లైను నగదు అక్కడే కట్టేయడానికి తెరిచింది. నాలుగోది చిన్నబ్బాయి సొంత సేవింగ్స్ ఖాతా. కరోనా రోజుల్లో లైను కుర్రాళ్లు తొందరలో అతని క్యూఆర్ ఫోటో పార్టీలకు, అంటే సరుకు తీసుకునే షాపులవాళ్లకు, పంపేశారు. అది అలాగే ఉండిపోయింది.

వచ్చిన సమస్య

2024 జూన్‌లో ఒక ఆదివారం, కంపెనీ డిపోకి వెళ్లాల్సిన 8.4 లక్షల ఆటో డెబిట్ తిరిగిపోయింది. సీసీలో ఆ ఉదయం తీసుకోడానికి మిగిలింది 6.1 లక్షలే. అదే సమయానికి మిగతా మూడు ఖాతాల్లో కలిపి 21 లక్షలు ఉన్నాయి. శనివారం సాయంత్రం వసూలైన ఐదు లక్షల నగదు ఇనప్పెట్టెలో ఉంది.

ఆదివారం డెబిట్ రావడమేమిటని షావుకారు గారు బ్యాంకు మేనేజరుతో గొడవపడ్డారు. ఆయన కోపంలో న్యాయం ఉంది, ఎందుకంటే అప్పటిదాకా ఆ కంపెనీకి చెక్కులే ఇచ్చేవారు. ఆదివారం గడువు పడితే సోమవారం మధ్యాహ్నానికి డబ్బు సర్దితే సరిపోయేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ చెక్కులు మానేసి నాచ్ మాండేట్ తీసుకుంది, అంటే గడువు రోజున మన ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యేలా ముందే ఇచ్చే అనుమతి. నాచ్ అయితే 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో కూడా నడుస్తోంది. ఆ మాట మాండేట్ మీద సంతకం పెట్టించుకున్నవాళ్లు చెప్పలేదు, పెట్టినవాళ్లు అడగలేదు.

శనివారం రాత్రే ఫోన్‌లోంచి డబ్బు మార్చేసి ఉండొచ్చు. బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే పద్ధతులు రెండూ, నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజంతా, అన్ని రోజులూ పనిచేస్తున్నాయి. కానీ నెట్ బ్యాంకింగ్ తెలిసినవాడు చిన్నబ్బాయి ఒక్కడే. అతను పాలకొండలో పెళ్లికి వెళ్లాడు.

కంపెనీ పది రోజులు అరువు ఆపేసింది. సరుకు కావాలంటే ముందు డబ్బు కట్టాలన్నారు. అప్పుడు నన్ను పిలిచారు. షావుకారు గారు అడిగింది ఒక్కటే: "లిమిట్ ఇంకో ముప్ఫై లక్షలు పెంచేలాగ కాగితాలు తయారుచెయ్యండి బాబూ."

లిమిట్ ఎందుకు పెంచవద్దన్నాను

పెంచడం కష్టమేమీ కాదు. వాళ్ల స్టాకు, బాకీలు చూస్తే కొంత వచ్చేది. కానీ తొంభై రోజుల స్టేట్‌మెంట్లు నాలుగు ఖాతాలవీ పక్కపక్కన పెట్టి, ప్రతి రాత్రి మిగిలిన నిల్వ రాసుకున్నాను. సీసీ కాని మూడు ఖాతాల్లో కలిపి సగటున రోజూ 19 లక్షలు ఊరికే పడి ఉన్నాయి. కరెంట్ అకౌంట్‌లో డబ్బుకి వడ్డీ రాదు. సీసీలో వాడుకున్న ప్రతి రూపాయికీ రోజువారీ లెక్కన వడ్డీ పడుతుంది. ఏడాదికి దాదాపు 1.95 లక్షలు ఈ తేడా మీదే పోతున్నాయి. లిమిట్ పెంచితే ఊరికే పడి ఉన్న డబ్బు 19 లక్షలే ఉంటుంది, వడ్డీ మాత్రం పెరుగుతుంది.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. పుస్తకాల్లో "ఎవరివో తెలియని జమలు" అని 6.4 లక్షలు ఉన్నాయి. యూపీఐలో డబ్బు వచ్చింది, ఏ పార్టీదో తెలియదు. పార్టీ కట్టానంటాడు, లైను కుర్రాడు చూడలేదంటాడు, ఖాతాలో ఇంకెవరి పేరో ఉంటుంది. కాశీపూర్ లైనులో పదిహేనేళ్ల పాత పార్టీకి, బాకీ ఉందని పొరపాటుపడి రెండు వారాలు సరుకు ఆపేశారు. ఆయన అప్పటికే కట్టేశాడు. ఆ మాట తేలాక షావుకారు గారు స్వయంగా వెళ్లి క్షమించమని అడిగి వచ్చారట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. వాళ్లకి అప్పు కాదు కావలసింది, వచ్చిన ప్రతి రూపాయికీ ఒక పేరు కావాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

నేను రాకముందు వాళ్లు చేసింది

లైను కుర్రాళ్లు పార్టీ ఫోన్‌లోని స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. గుమస్తా గారు సాయంత్రం కూర్చుని వాటిని చూసి జమ రాసేవారు. రోజుకి నూటికి పైగా ఫోటోలు. ఒకే స్క్రీన్‌షాట్ రెండు వారాల తేడాతో రెండుసార్లు వచ్చినవి దొరికాయి. "పెండింగ్" అని ఉన్నవాటినీ కట్టినట్టే రాసుకున్నారు. మోసం చేయాలని చేసినవి మూడో నాలుగో ఉంటాయి. మిగతావన్నీ సిగ్నల్ సరిగా లేని చోట జరిగిన అయోమయమే. నేను మొదటి రోజే ఒక నియమం పెట్టించాను: అవతలివాడి ఫోన్‌లో కనబడింది రుజువు కాదు, మన ఖాతాలో పడిందే జమ.

నేను చేసిన పొరపాటు

మొదట వర్చువల్ అకౌంట్లు పెట్టించాను. ఒక్కో పార్టీకి ఒక్కో ఖాతా నంబరు ఇస్తే, ఆ నంబరుకి ఏ పేరు మీద డబ్బు వచ్చినా అది ఆ పార్టీదే అని తేలిపోతుంది. పెద్ద కంపెనీల దగ్గర ఈ పద్ధతి చక్కగా నడవడం నా కళ్లతో చూశాను. అందుకే నమ్మకంగా చెప్పాను. నెలయ్యేసరికి 340 పార్టీల్లో 31 మందే వాడారు, అదీ రాయగడ పట్టణంలో పెద్ద షాపులవాళ్లే.

ఎందుకని తెలుసుకోవడానికి ఒక బుధవారం చాటికోన సంత రోజు లైను వ్యానులో నేనూ వెళ్లాను. ఆ పని మొదటి వారంలోనే చేసి ఉండాల్సింది. నియమగిరి కొండల్లో ఉండే డోంగ్రియా కొంధు గిరిజనులు కిందికి దిగి అల్లం, పసుపు, అనాసపండ్లు తెచ్చి అమ్ముకునే సంత అది. అమ్మిన డబ్బుతో ఉప్పు, నూనె, సబ్బులు కొనుక్కుని కొండెక్కుతారు. మా పార్టీల చేతిలోకి ఆ రోజు వచ్చేదంతా నగదు. దారిలో ఒక షాపులో ఇల్లాలు కూర్చుని ఉంది. బాకీ ఏడు వేలు. ఆమె మన క్యూఆర్ ఫోటో తీసి విశాఖలో పనిచేస్తున్న కొడుక్కి పంపింది. వాడు అక్కడి నుంచి కట్టాడు. మన ఖాతాలో కొడుకు పేరు పడింది, షాపు పేరు తండ్రిది, సరుకు తీసుకున్నది తల్లి. అలాంటి ఇంటికి నేను పొడుగాటి ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఇచ్చి "బెనిఫిషియరీగా చేర్చుకోండి" అంటున్నాను. స్కాన్ చేయడం తప్ప ఇంకేదీ అలవాటు లేనివాళ్లకి అది కుదిరే పని కాదు.

తర్వాత బిల్లు మీదే క్యూఆర్ ముద్రించాం, మొత్తం కూడా అందులోనే ఉండేలా. అది కూడా నిలవలేదు. ఇక్కడ ఎవరూ బిల్లు ప్రకారం కట్టరు. పదకొండు వేల బిల్లుకి ఈ వారం ఐదు, వచ్చే వారం నాలుగు, మిగతాది పంట డబ్బు వచ్చాక. మొత్తం బిగించేసిన క్యూఆర్‌తో సగం కట్టడం కుదరదు.

గుమస్తా గారి పుస్తకం

ఆ నెల చివర్లో గుమస్తా గారు నాతో అన్నారు: "మీ కంప్యూటర్‌కి పార్టీ మొఖం తెల్దు బాబూ. ఈ పేరు మీద వొచ్చిన డబ్బు ముణిగుడ షాపోడిది. ఆడి బావమరిది ఫోన్లోంచి కడతాడు."

ఎలా తెలుసని అడిగితే తన ఎర్ర పుస్తకం తీశారు. పేజీల అంచున పెన్సిల్‌తో, ఏ పార్టీ ఎవరి ఫోన్‌లోంచి కడతాడో ఏళ్లుగా రాసుకుంటూ వచ్చారు. మేనల్లుడు, పక్క మందుల షాపు, బడి మాస్టారు, విశాఖ కొడుకు. కొన్ని పేజీల్లో ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు కూడా ఉన్నాయి. తెలియని జమల లిస్టు ఆయన ముందు పెట్టాను. నాలుగు రోజులు కూర్చుని, 6.4 లక్షల్లో 4.7 లక్షలకు పార్టీ పేర్లు చెప్పారు. ప్రతిదీ ఫోన్ చేసి సరిచూశాం. రెండే రెండు తప్పు తేలాయి.

అప్పటిదాకా నేను ఆయన పుస్తకాన్ని పాత అలవాటుగా చూశాను. చిన్నబ్బాయి కూడా "బాబాయ్ గారూ, ఇంక ఆ పుస్తకం పక్కన పెట్టండి" అనేవాడు. మేం కట్టబోతున్న పద్ధతికి కావలసిన సమాచారమంతా అందులోనే ఉంది.

నిలబడిన పద్ధతి

పార్టీకో కార్డు. క్యూఆర్ ఇచ్చిన బ్యాంకు దగ్గరే ప్రతి పార్టీకీ విడిగా ఒక యూపీఐ ఐడీ తీసుకునే సర్వీసు ఉంది. ఐడీ చివర పార్టీ నంబరు వస్తుంది. మొత్తం బిగించి ఉండదు, ఎంతైనా కట్టొచ్చు. ఎవరి ఫోన్‌లోంచి కట్టినా, ఏ ఊరి నుంచి కట్టినా ఆ నంబరు వెంటే వస్తుంది. గ్యాలరీలోంచి క్యూఆర్ ఫోటో ఎక్కించి పెద్ద మొత్తం కట్టబోతే కొన్ని యాప్‌లు ఒప్పుకోలేదు. అందుకని క్యూఆర్ కింద ఐడీని పెద్ద అక్షరాల్లో వేయించాం. విశాఖ కొడుకు ఒకసారి సేవ్ చేసుకుంటే చాలు. షాపు పేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలన్నది గుమస్తా గారి పట్టు. కార్డును పార్టీ అరువు పుస్తకం లోపలి అట్టకి అంటించమన్నదీ ఆయనే. గోడకి అంటిస్తే కొనడానికి వచ్చినవాళ్లు పొరపాటున దానికే కట్టేస్తారు, పుస్తకంలో ఉంటే బాకీ కట్టేటప్పుడే బయటికొస్తుంది. ఇంత చిన్న విషయం నాకు తట్టేది కాదు.

సిగ్నల్ లేని చోట్లకి వేరే నియమం. డబ్బు కట్ అయి మనకి రాకపోతే కుర్రాడు రసీదు పుస్తకంలో పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు రాసి, "రాలేదు" అని రాసి ఇస్తాడు. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగితే, కట్టిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు తిరిగి జమ కావాలని 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది. కాబట్టి ఐదు రోజులూ చూస్తాం. అప్పటిదాకా పార్టీని మళ్లీ కట్టమని అడగరు, సరుకూ ఆపరు. రెండుసార్లు కట్టించుకున్నారన్న మాట లైనులో పడితే తిరిగి నమ్మకం తెచ్చుకోవడం చాలా కష్టం.

నగదు సగానికి దగ్గరగా అలాగే ఉంది. అందులో ఒక్క మార్పే చేయించాను: లైను వసూళ్లలోంచి లారీ కిరాయి, డీజిల్, హమాలీ తీయకూడదు. మునుపు తీసేసి మిగిలింది కట్టేవారు. ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో రెండూ తెలిసేవి కావు. ఒకరికి ఒకరోజు పది వేలు, రవాణావాళ్లకైతే ముప్ఫై అయిదు వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. ఆ గీత దాటిందీ లేనిదీ కూడా అలా కలిపేస్తే తెలియదు. ఇప్పుడు ప్రతి వ్యానుకీ ఖర్చులకి విడిగా ముందే కొంత ఇస్తున్నారు.

ఖాతాలు మూసెయ్యాలా

వడ్డీ లెక్క చూస్తే అన్నీ మూసేసి, వసూళ్లన్నీ నేరుగా సీసీలోకి రప్పించడం తేలిక. ఆ దారిలో సగం వెళ్లి వెనక్కి వచ్చాను.

2024 సెప్టెంబరులో క్యూఆర్ ఖాతాను బ్యాంకు ఆపేసింది. వేరే రాష్ట్రంలో ఎవరో సైబర్ మోసానికి గురై, అలాంటి ఫిర్యాదులు తీసుకునే 1930 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. ఆ డబ్బు చేతులు మారుతూ మారుతూ, అందులో 4,200 రూపాయలు మన ఖాతాలోకి వచ్చాయి. 4,200 మీద ఫిర్యాదైతే, ఖాతాలోని 11 లక్షలూ తీయడానికి వీల్లేకుండా పోయింది. ఆ డబ్బు ఎవరు కట్టారు, ఏ సరుకుకి అని అడిగారు. కార్డులు అప్పటికి సగం పార్టీలకే అందాయి, ఇది అందని పార్టీది. కనిపెట్టడానికే ఆరు రోజులు పట్టింది. బిల్లు, పార్టీ లెడ్జరు, జీఎస్టీ వివరాలు, ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు పెట్టి బ్రాంచి ద్వారా దర్యాప్తు అధికారికి రాశాం. మొత్తం 23 రోజులు. ఆ రోజుల్లో షావుకారు గారు సరిగా నిద్రపోలేదు. తప్పు చేయనివాడికి పోలీసు కాగితం వస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నేనూ దగ్గరగా చూశాను.

అదే సీసీ ఖాతా ఆగి ఉంటే? కంపెనీ డెబిట్లు, జీతాలు, కరెంటు బిల్లు అన్నీ తిరిగిపోయేవి. అందుకని పదిమంది డబ్బు వేసే ఖాతా వేరు, మనం చెల్లించే ఖాతా వేరు అని తేల్చుకున్నాం. క్యూఆర్ ఖాతా ఉంచాం. రాత్రి ఎనిమిదిన్నరకి అందులో ఉన్నదంతా సీసీకి మారుస్తారు, రెండు లక్షలు దాటితే ఆర్‌టీజీఎస్, లేకపోతే నెఫ్ట్. దీనితో పూర్తి రక్షణ వస్తుందని చెప్పను. ఫిర్యాదు డబ్బు వెంట తర్వాతి ఖాతాకీ రావచ్చు. కానీ ఏ రోజూ ఒక్క రోజు వసూలుకి మించి బయటి ఖాతాలో ఉండదు. ఈ ఏర్పాటు గురించి సీసీ ఉన్న బ్యాంకుకి ముందే ఉత్తరం ఇచ్చాం. 2020 ఆగస్టులో సీసీ ఉన్నవాళ్లు వేరే చోట కరెంట్ అకౌంట్ నడపడం మీద రిజర్వ్ బ్యాంకు నియమాలు పెట్టింది. తర్వాత సంజాయిషీ చెప్పుకోవడం కంటే ముందే చెప్పడం మంచిది. గుణుపురం ఖాతా నగదు కట్టడానికి ఉంచి, మరుసటి ఉదయానికి ఖాళీ చేస్తున్నారు. చిన్నబ్బాయి సేవింగ్స్ ఖాతాలోకి వసూళ్లు రావడం పూర్తిగా ఆపించాం. వ్యాపారం డబ్బు అతని పేరు మీద కనబడితే రేపు పన్ను నోటీసుకి జవాబు చెప్పాల్సింది అతనే.

చెల్లింపుల వైపు

ఇది త్వరగా అయింది. కంపెనీ డెబిట్ తేదీని వారం మొదట్నుంచి గురువారానికి మార్పించాం. ఆదివారం లైను లేదు, మంగళ, బుధవారాల్లో వసూళ్లు ఎక్కువ. డిపోవాళ్లు ఒక్క ఫోన్‌కి ఒప్పుకున్నారు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంతే. నెట్ బ్యాంకింగ్‌లో ఎక్కించేది చిన్నబ్బాయి, ఆమోదించేది షావుకారు గారు. అతను ఊళ్లో లేనప్పుడు ఎక్కించడానికి పెద్ద కోడలికి యూజర్ ఐడీ ఇప్పించాం. ఆమె బీకాం చదివింది, అప్పటిదాకా ఎవరూ ఈ పని అప్పగించలేదు. రోజూ పదిన్నరకి ఒక కాగితం మీద నిన్నటి నిల్వ, వచ్చే ఏడు రోజుల డెబిట్లు, ఏ లైను నుంచి ఎంత రావచ్చో రాసేది కూడా ఆమే. సరఫరాదారు ఖాతా మారిందని మెసేజ్ వస్తే పాత నంబరుకి ఫోన్ చేసి అడగాలి. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపేముందు ఖాతాదారు పేరు కనబడే ఏర్పాటు వచ్చింది కాబట్టి ఆ పేరూ సరిచూడాలి.

ఎక్కడికి వచ్చింది

2025 జనవరి చివరికి తెలియని జమలు 38 వేలకు తగ్గాయి. సీసీ వాడకం సగటున 1.12 కోట్ల నుంచి 91 లక్షలకు దిగింది, నెలకు వడ్డీలో సుమారు 18 వేలు మిగులుతున్నాయి. లిమిట్ పెంచలేదు. ఆ జూన్ తర్వాత ఒక్క డెబిట్ కూడా తిరిగిపోలేదు.

ఫిబ్రవరిలో ఇంకో ఫిర్యాదు వచ్చింది, 2,750 రూపాయలకి. అప్పటికి ఖాతాలో ఉన్నది 1.3 లక్షలు. పార్టీ నంబరు చూసి, బిల్లు, లెడ్జరు ఆ మధ్యాహ్నమే పంపాం. బ్యాంకు ఆ 2,750 మీదే లీన్ ఉంచి, అంటే అంతవరకే తీయకుండా ఆపి, మిగతాది వదిలింది. తొమ్మిది రోజుల్లో అదీ తేలింది. ఈసారి కాగితాలన్నీ పెద్ద కోడలే తయారుచేసింది.

కాశీపూర్ లైను ఇంకా దాదాపు నగదే. అక్కడ కార్డులు పంచాం గానీ పట్టుమని పది మంది వాడరు, నేనూ ఒత్తిడి చేయడం మానేశాను. ఆ నగదు ఒక రాత్రి వ్యానులో ఉండిపోతోంది. దారిలో ఎక్కడైనా కట్టే వీలుందేమోనని ఒక బ్యాంకు మిత్ర కేంద్రంతో (బ్యాంకు తరఫున డబ్బు కట్టించుకునే చోటు) మాట్లాడుతున్నాం. మిగిలిన 38 వేలలో ప్రతి నెలా సరిగ్గా 1,500 చొప్పున వచ్చే జమ ఒకటుంది. అది ఎవరిదో గుమస్తా గారికీ తెలియదు. ఆయన పుస్తకంలో ఆ పేరు కింద గీత గీసుకుని, లైనుకి వెళ్లే ప్రతి కుర్రాడినీ అడుగుతున్నారు.